పేటెంట్ల లెక్క కాదు, ఒప్పందాల షరతులు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాల పరిశోధన ఫలితాలు త్వరగా పరిశ్రమలకు చేరాలంటూ మీరు రాసిన సంపాదకీయం చదివాను. చేరాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఏ షరతుల మీద చేరాలన్న ప్రశ్న జోలికి అది వెళ్లకపోవడం వల్లే ఈ లేఖ రాస్తున్నాను.

1921-22లో టొరంటో విశ్వవిద్యాలయంలో ఇన్సులిన్‌ను వెలికితీసిన బాంటింగ్, బెస్ట్, కొలిప్ తమ పేటెంటు హక్కును తలా ఒక్క డాలరు తీసుకుని విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. వారి త్యాగాన్ని అందరూ మెచ్చుకుంటారు, కథ అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత విశ్వవిద్యాలయం చేసిన పని అంతకంటే గొప్పదని నా అభిప్రాయం. పెద్ద ఎత్తున మందు తయారుచేయడం సొంత ప్రయోగశాల వల్ల కాలేదు కనుక ఎలీ లిల్లీ కంపెనీని కలుపుకుంది. అయితే పేటెంటును మాత్రం చేయి జారనివ్వలేదు. మందు ఒక్కరి గుప్పిట్లో చిక్కుకోకుండా ఇతర తయారీదారులకూ లైసెన్సులిచ్చింది, నాణ్యత మీద అజమాయిషీ తన దగ్గరే ఉంచుకుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1922లో టొరంటో వెళ్లి అనుమతి తెచ్చుకున్నాక, 1923 నాటికే ఆ దేశంలో ఇన్సులిన్ తయారైంది. పేటెంటు అనేది జ్ఞానానికి తాళం వేయడానికే కాదు, ఇంకెవరూ తాళం వేయకుండా చూడడానికీ పనికొస్తుందని ఆ రోజే రుజువైంది.

అమెరికా 1980లో బే-డోల్ చట్టం తెచ్చింది. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనల మీద పేటెంటు హక్కును విశ్వవిద్యాలయాలే ఉంచుకుని, కంపెనీలకు ఇవ్వవచ్చన్నది దాని సారాంశం. అంతకుముందు ప్రభుత్వం పేరున ఉన్న వేలాది పేటెంట్లు ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉండేవి కనుక ఆ చట్టానికి న్యాయమైన కారణమే ఉంది. కొత్త మందు పరీక్షలకు ఏళ్లు పడుతుంది, డబ్బు విపరీతంగా అవుతుంది, ఏదో ఒక రక్షణ లేనిదే ఏ కంపెనీ ముందుకు రాదు. ఇదంతా ఒప్పుకుంటాను. కంపెనీ ఆ ఆవిష్కరణను ప్రజలకు అందించకపోతే జోక్యం చేసుకునే అధికారాన్ని ప్రభుత్వం చట్టంలోనే అట్టిపెట్టుకుంది. తొలి 40 ఏళ్లలో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. కంపెనీతో ఒప్పందం మీద సంతకం నాడు రాసుకోని రక్షణ తర్వాత ఎవరో వచ్చి కల్పిస్తారని నమ్ముకోలేం.

గుత్త హక్కు ఇవ్వకపోతే ఆదాయం రాదన్న వాదన కూడా అన్నిచోట్లా నిలవదు. జన్యువులను కత్తిరించి అతికించే కోహెన్, బోయర్ పద్ధతిని స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు అడిగిన వారందరికీ లైసెన్సుకిచ్చాయి. 468 కంపెనీలు తీసుకున్నాయి, 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. పది మందికీ పనికొచ్చే పద్ధతిని ఒక్కరికే కట్టబెట్టడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు.

దీనికి భిన్నమైనది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం అనుభవం. హెచ్‌ఐవీ మందు స్టావుడిన్ పేటెంటు యేల్‌ది, లైసెన్సు బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ కంపెనీది. దక్షిణాఫ్రికాలో ఆ మందును చవకగా తయారుచేయనివ్వమని 2001లో వైద్య సేవాసంస్థ మెద్‌సాన్ సాన్ ఫ్రాంటియర్ (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) కోరితే, హక్కు కంపెనీకి ఇచ్చేశామని యేల్ మొదట చెప్పింది. విద్యార్థులు కదిలారు, ఆ మందు మీద పనిచేసిన ప్రొఫెసర్ విలియం ప్రూసాఫ్ స్వయంగా వారిని సమర్థించారు. చివరికి కంపెనీ దక్షిణాఫ్రికాలో పేటెంటు హక్కును అమలు చేయబోమని ప్రకటించింది. జనం చనిపోతుండగా, ఒప్పందంలో ముందే ఒక్క వాక్యం రాసి ఉంటే అవసరమే పడని పోరాటం అది.

అధ్యాపకుడిగా ఇలాంటి ఒప్పందాలు చదివే అవకాశం నాకు కలిగింది. నేను ముందుగా వెతికేది రెండు షరతులు. ఫలానా గడువులోగా ఉత్పత్తి బయటికి రాకపోతే హక్కు వెనక్కి వస్తుందా? పరిశోధకుల పత్రాన్ని కంపెనీ ఎంతకాలం ఆపగలదు? ఐరోపాలో పేటెంటుకు దరఖాస్తు చేయకముందే ఫలితాలు అచ్చయితే హక్కు పోతుంది కనుక కొంత వ్యవధి అడగడం న్యాయమే, దానికి రెండు మూడు నెలలు చాలు. గడువు రాయని ఒప్పందం వల్ల ఒక విద్యార్థిని సిద్ధాంత గ్రంథం అల్మరాలో మగ్గిపోవడం చూశాను. ఆమె ఉద్యోగ దరఖాస్తుల్లో చూపించుకోవడానికి ఒక్క ప్రచురణ కూడా లేకపోయింది. ఆ కంపెనీ తర్వాత ఆ పనినే వదిలేసింది.

సమాజమంటే కంపెనీలే కాదని కూడా గుర్తుచేయాలి. నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయాల్లో 1970ల నుంచి నడిచిన ‘సైన్స్ షాపు’లు, డబ్బు పెట్టలేని పౌర సంఘాలు తెచ్చిన ప్రశ్నల మీద విద్యార్థుల చేత పరిశోధన చేయించాయి. అక్కడ ఏం తేల్చాలో అడిగింది ప్రజలు. ఏ ఆదాయ పట్టికలోనూ కనిపించని ఆ పనికి నిధులు కోసినా అడిగే నాథుడు ఉండడు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఏ విశ్వవిద్యాలయమైనా ఈ ఏడాది ఇన్ని పేటెంట్లు సాధించామని ప్రకటన పంపితే, అచ్చువేసే ముందు అడగండి: వాటిలో ఎన్నింటిని ఒక్క కంపెనీకే ఇచ్చారు, ఏ దేశాలకు, ఎంత గడువుకు, పేద దేశాల రోగుల కోసం ఏ షరతు పెట్టారు? జవాబు రాకపోతే, రాలేదన్న సంగతినీ ఆ వార్తలోనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు