ఆ ‘ఆత్మహత్య జన్యువు’ ఎవరికి దొరికింది?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ సైన్స్ పేజీలో ‘ఆత్మహత్య జన్యువు దొరికింది’ అని వేశారు. సవరణ వస్తుందేమోనని చూశాను. రాలేదు సరికదా, ఆదివారం అనుబంధంలో అదే మాట ఇంకా పెద్ద అక్షరాల్లో వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

దొరికింది జన్యువు కాదు, జన్యువు మీద పడే ఒక ఎపిజెనెటిక్ ముద్ర. ఎపిజెనెటిక్స్ అంటేనే జన్యువులో అక్షరాల వరుస చెక్కుచెదరకుండా అది పనిచేసే తీరు మారడం. డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్ పక్కన గ్వానిన్ ఉన్న చోట్ల మిథైల్ సమూహాలనే చిన్న రసాయన ముక్కలు అతుక్కుంటాయి, దీన్నే మిథైలేషన్ అంటారు. జన్యువుకు ముందుండే ప్రమోటర్ భాగంలో అవి ఎక్కువైతే ఆ జన్యువు పని సాధారణంగా మందగిస్తుంది. అంతే.

మీ విలేకరి 2009 నాటి మాంట్రియల్ పరిశోధనను ప్రస్తావించారు. చివరిదాకా చదివి ఉంటే బాగుండేది. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌గోవన్, మీనీ, స్జిఫ్, ట్యూరెకీల బృందం 12 చొప్పున మూడు వర్గాల మెదళ్లను పోల్చింది. చిన్నతనంలో హింసకు గురై ఆత్మహత్యతో చనిపోయినవారు ఒక వర్గం. అలాంటి హింస లేకుండానే ఆత్మహత్యతో చనిపోయినవారు రెండోది. ఇతర కారణాలతో మరణించినవారు మూడోది. మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఎన్‌ఆర్3సి1 అనే జన్యువు ప్రమోటర్ మీద మిథైలేషన్ పెరిగింది మొదటి వర్గంలోనే. రెండో వర్గం మూడోదానిలాగే ఉంది. అంటే ఆ ముద్ర పసితనంలో తగిలిన దెబ్బను చూపిస్తోంది, మరణం తీరును కాదు. పరిశోధన మొత్తానికి ఆయువుపట్టు అయిన ఆ రెండో వర్గమే మీ వార్తలో గల్లంతైంది!

ఆ జన్యువు ఒత్తిడిలో విడుదలయ్యే కార్టిసాల్ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాన్ని తయారు చేయిస్తుంది. కార్టిసాల్ పెరిగినప్పుడు హిప్పోక్యాంపస్ పసిగట్టి ‘ఇక చాలు’ అని, ఒత్తిడి స్పందనను మొదలుపెట్టే మెదడు భాగమైన హైపోథాలమస్‌ను తగ్గించాలి. గ్రాహకాలు తక్కువైతే ఆ కళ్లెం వదులవుతుంది, కష్టం తీరినా శరీరం కుదుటపడదు. దీన్ని ‘నుదుటి రాత’ అన్నారు మీవాళ్లు. 2004లో అదే విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద చూసినదేమిటి? తల్లి బాగా నాకి సాకిన పిల్లల్లో ఇదే జన్యువు మీద మిథైలేషన్ తక్కువ. సరిగా సాకని తల్లికి పుట్టిన పిల్లను బాగా సాకే తల్లి దగ్గర వేస్తే ముద్ర కూడా మారింది. చెరిగిపోయేదాన్ని నుదుటి రాత అనరు.

ఇక ‘రక్తపరీక్షతో ముందే చెప్పేయొచ్చు’ అన్న ముక్క. 2014లో ఎస్‌కెఎ2 అనే మరో జన్యువు మీద పరిశోధన వచ్చినప్పుడూ పత్రికలు ఇదే పాట పాడాయి. లెక్క వేద్దాం. పరీక్ష ప్రమాదంలో ఉన్నవారిలో 80 శాతం మందిని పట్టుకుంటుందని, ప్రమాదం లేనివారిలోనూ 80 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుందని అనుకోండి. 10,000 మందిలో నిజంగా ప్రమాదంలో ఉన్నవారు 10 మంది అనుకుంటే 8 మంది దొరుకుతారు. వారితోపాటు ఏ ప్రమాదమూ లేని 1,998 మంది మీదా ముద్ర పడుతుంది. నిజంగా ప్రమాదంలో ఉన్న మరో ఇద్దరు అసలు జాబితాలోనే లేకుండా మిగిలిపోతారు.

కొలతలోనూ చిక్కులున్నాయి. మిథైలేషన్‌ను కొలిచే బైసల్ఫైట్ అనే రసాయన పద్ధతిలో మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారుతుంది, ఉన్నది మిగులుతుంది. కానీ హైడ్రాక్సీమిథైల్ అనే వేరే ముద్ర ఉన్నదీ అలాగే మిగులుతుంది, పైగా మెదడు కణాల్లో అది బాగానే ఉంటుంది. మెదడు ముక్కలో న్యూరాన్లు, వాటికి తోడుండే గ్లియా కణాలు కలిసి ఉంటాయి కాబట్టి వాటిని వేరుచేయకపోతే కణాల పాళ్లలో తేడానే మిథైలేషన్ తేడాలా కనబడుతుంది. పొగతాగడం, మద్యం, వాడిన మందులు కూడా ఈ ముద్రల్ని మార్చగలవు. చనిపోయాక తీసిన ముక్కలో ఏది ముందో ఏది తర్వాతో తేలదు.

ఇవేవీ అక్కర్లేని అధికారి ఒకరు రేపు మీ కత్తిరింపు పట్టుకుని, ఉద్యోగానికి వచ్చినవారికి ఈ పరీక్ష పెట్టాలంటే? యంత్రం కొని రిబ్బన్ కత్తిరించడం తేలిక. బడిలో దెబ్బలు తింటున్న పిల్లవాడిని గుర్తించేవారిని, మానసిక చికిత్స తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక మొదటి వారాల్లో ఫోన్ చేసి పలకరించేవారిని నియమించడం కష్టం. ఆ మొదటి వారాలే ఎక్కువ ప్రమాదకరమని ఎప్పుడో తేలింది, కానీ దాని మీద ఎవరికీ శీర్షిక దొరకదు.

మీ భాష సంగతీ చెప్పాలి. ‘ఆత్మహత్యకు పాల్పడ్డారు’ అని నాలుగు చోట్ల రాశారు. దొంగతనానికి, అవినీతికి పాల్పడతారు. ఏటా ప్రపంచంలో 7 లక్షల మందికి పైగా ఇలా పోతున్నారు, వారి ఇళ్లలోనూ పత్రిక చదువుతారు. ఇలాంటి వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత్రికేయుల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలే వేసింది. సాయం ఎక్కడ దొరుకుతుందో కూడా రాయమన్నది అందులో ముఖ్యమైన మాట. మీ అర పేజీ వార్త కింద హెల్ప్‌లైన్ నంబరు లేదు, క్యాప్సూల్ ప్రకటన మాత్రం ఉంది.

సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజులో వేయండి. కింద నంబరు కూడా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు