చింటూ నోటికందేవన్నీ పైన పెట్టు

అమ్మలూ,

సెలవులకి మీ ఇంటికి పదిమంది వస్తున్నారని చెప్పినప్పటి నుంచి నాకు మీ కుక్క చింటూ మీదే ధ్యాస. వచ్చినవాళ్లంతా వాడికి తలో ముక్కా పెడతారు. ప్రేమగానే పెడతారు. నా భయమంతా అక్కడే.

మన పాత కుక్క రాజు గుర్తున్నాడా? నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. చుట్టాలెవరో వాడికి కిస్‌మిస్ వేసిన చాక్లెట్ కేకు పెట్టారు. కొంచెమేగా అని నేనూ ఊరుకున్నాను. రాత్రికి వాంతులు మొదలైనా తెల్లారనిద్దాం అనుకున్నాను. తర్వాత మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. బతికాడు. కానీ ఆ రాత్రి నేను ఆగకుండా ఉండాల్సింది.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను పాడుచేస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేం, కొన్నిటికి కొద్దిగా తిన్నా చాలు. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. కుక్క ఒంట్లోంచి అందులో సగం పోవడానికే 17 గంటలు పడుతుంది, ఈలోపు గుండె దడ, వణుకు, ఫిట్స్ రావచ్చు. చాక్లెట్ ఎంత ముదురు రంగైతే అంత ప్రమాదం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది జైలిటాల్, చక్కెర బదులు వాడే తీపి పదార్థం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని పీనట్ బటర్లలో వేస్తారు. తిన్న అరగంటలోనే షుగర్ పడిపోయి కుక్క కూలబడిపోవచ్చు. తర్వాత లివర్ కూడా దెబ్బతినొచ్చు. వచ్చినవాళ్ల హ్యాండ్‌బ్యాగులు నేల మీద ఉండనివ్వకు. గమ్ ఉండేది వాటిలోనే.

ఉల్లిపాయ, వెల్లుల్లి వండినా విషమే. రక్తకణాలు దెబ్బతిన్న సంగతి కొన్ని రోజులకి గానీ బయటపడదు, అప్పటికి చిగుళ్లు పాలిపోయి ఉంటాయి. అందుకే మిగిలిన గ్రేవీ పెట్టొద్దు. ఉడికిన ఎముకలూ వద్దు, పేడులుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. చెత్తబుట్టకి గట్టి మూత ఉండాలి.

ఎవరైనా ఏమనుకుంటారోనని మొహమాటపడకు. రాగానే చెప్పెయ్. పెట్టాలని ముచ్చటపడితే వాడి బిస్కెట్లే వాళ్ల చేతికివ్వు.

ఒకవేళ ఏదైనా తినేస్తే, బాగానే ఉన్నాడుగా అని చూస్తూ కూర్చోకు. ఏం తిన్నాడు, ఎంత, ఎప్పుడు, వాడి బరువెంత, ఇవన్నీ డాక్టరుకి వెంటనే ఫోన్‌లో చెప్పు. తిన్నదాని కవరు పారెయ్యకు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకు, ఆ ఉప్పే వాడి ప్రాణం మీదికి తెస్తుంది.

రాత్రిళ్లు తెరిచి ఉండే పశువుల ఆస్పత్రి ఎక్కడుందో ఈ వారమే కనుక్కో. నంబరు ఫ్రిజ్ మీద అతికించాక నాకో ఫోటో పంపు.

మీ అమ్మ