అట్ట మీద తెగిన పోగు

ఒరేయ్ శీనూ,

మంగళగిరి నేతవాళ్ళ కథల పుస్తకానికి అట్ట వేసే పని నీ చేతికొచ్చిందంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేనురా. పేరు ‘పడుగు’ అని, అంటే మగ్గం మీద నిలువునా సాగే పోగులని, పెట్టడం కూడా భలే కుదిరింది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ బొమ్మ వెయ్యాలి, ప్రెస్సుకి ఏం పంపాలి అని అడిగావు కదా, అన్నీ వరసగా కాకపోయినా తోచినట్టు రాస్తున్నాను. తీరిగ్గా కూచుని చదువు.

ముందు వెయ్యకూడనిది చెప్తాను. మగ్గం ముందు ముసలాయన, ముడతలు పడ్డ చెయ్యి, వెనక కిటికీలోంచి వెలుతురు. నేత అనగానే అందరికీ మొదట తట్టే బొమ్మ అదే. ఫొటో ఎంత బాగా వచ్చినా అది పుస్తకం దేని గురించో మాత్రమే చెప్తుంది. చదివేవాడి లోపల ఏం జరుగుతుందో చెప్పదు. రైతు కథలంటే నెర్రెలిచ్చిన నేల, ఆడవాళ్ళ కథలంటే జుట్టు విరబోసుకున్న సగం ముఖం, ఉద్యమ కవిత్వమంటే బిగించిన పిడికిలి. ఇవన్నీ ఒకప్పుడు బలమైన బొమ్మలే. ఇన్ని పుస్తకాల మీద వాడేసరికి ఏ అట్ట ఏ పుస్తకానిదో గుర్తుండటం లేదు.

కాబట్టి మొదటిసారి పెన్సిలు పట్టుకోకుండా చదువు. రాతప్రతి మూసేశాక నీలో మిగిలిందేమిటో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకో. ‘బాధ’ అని రాస్తే చాలదు, అది ఏ రకం బాధో తేలాలి. ఈ కథల్లో ఏడుపు తక్కువ. మొదలుపెట్టిన పని చేతిలోనే ఆగిపోయినప్పటి వెలితి ఎక్కువ. ఆ తేడా దొరికితే బొమ్మ సగం దొరికినట్టే. రెండోసారి చదివేటప్పుడు కాగితం మీద మూడు గళ్ళు గీసుకో: కథల్లో కనిపించే వస్తువులు, ఏ వేళ ఏ వెలుతురు, వినిపించే చప్పుళ్ళు. మూడు కథల్లోనైనా మళ్ళీ మళ్ళీ వచ్చి, వచ్చిన ప్రతిసారీ అర్థం కాస్త మారే వస్తువు ఏదో చూడు. గుర్తు అక్కడే ఉంటుంది. కథల్లో లేని వస్తువుని బయట నుంచి తెచ్చి పెట్టకు. పావురం, కొవ్వొత్తి, పగిలిన అద్దం ఏ పుస్తకానికైనా అతుకుతాయి, అందుకే ఏ పుస్తకానికీ అతకవు.

మగ్గం దగ్గర వస్తువులకి కొదవ లేదు. అటూ ఇటూ దూకుతూ అడ్డపోగు వేసే నాడె, నూలు చుట్టే కండె, పోగుల్ని విడదీసే దువ్వెనలాంటి అచ్చు, రాట్నం, కాళ్ళు పెట్టుకునే గుంట. మనసు మొదట నాడె మీదకే పోతుంది. కానీ గీసి చూడు, రెండు కొనలూ మొనదేలిన ఆ ఆకారం చిన్న సైజులో అచ్చం పడవలా కనిపిస్తుంది. నేత తెలిసినవాళ్ళు గుర్తుపడతారు గానీ మిగతావాళ్ళు జాలర్ల నవల అనుకుంటారు. ఖాళీ కండె ఆలోచన మంచిదే, కానీ దూరం నుంచి పెన్సిలు ముక్క అనిపిస్తుంది. నన్నడిగితే పేరులో ఉన్న పడుగునే తీసుకో. పడుగులో ఒక్క పోగు తెగి ఉండాలి.

ఎందుకంటే తెగిన పోగుకి మగ్గం మీద కచ్చితమైన అర్థం ఉంది. పోగు తెగితే నేతగాడు ఆగి, కొనలు వెతికి, ముడేసి అతకాలి. చూడకుండా నేసుకుంటూ పోతే ఆ పోగు లేని చోట బట్టలో నిలువునా సన్నటి గీత పడుతుంది, ఆ బట్టకి ధర రాదు. నీ వాక్యంలోని వెలితికి ఇంతకన్నా దగ్గరి వస్తువు నాకు తోచడం లేదు. పుస్తకం చదవకముందు చూస్తే అవి దారాలు, చదివాక చూస్తే ఇంకేదో. అట్ట మీది గుర్తు అలా రెండుసార్లు పనిచెయ్యాలి.

ఇప్పుడు బొమ్మ అమరిక. నేసిన బట్ట నేతగాడి ఒడివైపు దోనె అనే కర్రకి చుట్టుకుంటూ వస్తుంది, పడుగు ఎదురుగా దూరానికి సాగుతుంది. అందుకని అట్ట కింది భాగంలో నేసిన బట్ట, పైన ఉత్త పోగులు ఉండాలి. తలకిందులుగా వేస్తే చూసేవాడు మగ్గానికి అవతల నిలబడ్డట్టవుతుంది. నేను చెప్పినట్టు వేస్తే పుస్తకం పట్టుకున్నవాడే నేతగాడి పీట మీద కూచుంటాడు. డెమ్మీ సైజు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు, అంటే సుమారు 140, 216 మిల్లీమీటర్లు. కింద 80 మిల్లీమీటర్లు బట్టకి ఇవ్వు, మిగిలిందంతా పోగులకి. తెగిన పోగు కింద, బట్టలో, ఆ సన్నటి గీతని మర్చిపోకు. చాలామంది గమనించరు, గమనించినవాళ్ళు మాత్రం మర్చిపోరు.

పోగులు ఎన్ని? చెయ్యి ఊరుకోదు, నలభై యాభై గీసేస్తావు. ఆన్‌లైన్ పుస్తకాల షాపులో ఆ అట్ట 150 పిక్సెళ్ళ ఎత్తుకి కుంచించుకుపోతుంది. అప్పుడు వెడల్పు వంద పిక్సెళ్ళు కూడా ఉండదు. నలభై పోగులైతే ఒక్కోదానికి రెండున్నర పిక్సెళ్ళు, అంతా కలిసి బూడిదరంగు మరకై కూచుంటుంది. ఇరవై చాలు. ప్రింటులో పోగుకీ పోగుకీ మధ్య 7 మిల్లీమీటర్లు వస్తుంది, ఫోనులో కూడా తెగిన చోటు కనిపిస్తుంది. గీత మందం ఒక పాయింటుకి తగ్గనివ్వకు. ముఖ్యంగా ఆ గీతల వెనకుండే రంగుని నాలుగు ఇంకులు కలిపి చెయ్యొద్దు. ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా ప్రతి పోగు పక్కన ఇంకో రంగు నీడ తేలుతుంది. వెనక ఒకే ఇంకు చాలు.

ఇంకో జాగ్రత్త. మంగళగిరి చీరకి ఒంట్లో నేత డిజైను ఉండదు, అందమంతా జరీ అంచులోనే, నిజాం అంచులోనే. ఈ పుస్తకం మీద పోచంపల్లి ఇక్కత్ గళ్ళు వేశావంటే నేతవాళ్ళు మొదటి చూపులోనే పుస్తకాన్ని పక్కన పెడతారు. ఇక్కత్‌లో నూలుకి ముందే ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైను అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఆ చెదురు జ్ఞాపకాల పుస్తకానికి గొప్పగా పనికొస్తుంది, కానీ అది పోచంపల్లి పుస్తకమైనప్పుడు. ఏఐతో తీసిన మగ్గం బొమ్మలు కూడా వద్దు. వాటిలో పోగులు ఎక్కడో మొదలై ఎక్కడో మాయమవుతాయి. ఒక రోజు మగ్గం దగ్గర కూచుని నీ చేత్తో గీసుకో.

అక్షరాల దగ్గరకొస్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. బాపు వేసిన అట్టలు తీసి చూడు. అక్షరం, బొమ్మ ఒకే కుంచె నుంచి జారినట్టుంటాయి. పేరు బొమ్మకి తగిలించిన చీటీలా ఉండదు. ‘పడుగు’ మూడే అక్షరాలు, ఒత్తులు లేవు, కొమ్ములు రెండు. చేత్తో రాయడానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. పోగు ఒకటి వచ్చి అక్షరంలో కలిసిపోవాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. అక్కడే ఆగు. ‘ప’కి తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కి అంటుకుని ఉంటుంది. నువ్వు పోగుని తలకట్టులోంచి తీసి అక్షరానికి కలిపావనుకో, ‘పడుగు’ కాస్తా ‘వడుగు’ అవుతుంది, నేత కథల పుస్తకం ఉపనయనం పుస్తకమైపోతుంది! పోగుని చివరి ‘గు’ కొమ్ములోంచి కిందికి జారనివ్వు. ఆ కొమ్ము తోక కిందికి ఎంత సాగినా అక్షరం మారదు.

పేరుని నేసిన బట్ట పైభాగంలో, తెల్లగా వదిలెయ్. మరీ కిందికి దించకు, స్టాళ్ళలో అరల అంచు అట్ట కింది భాగాన్ని కప్పేస్తుంది. రాయడానికి చెయ్యి తిరగకపోతే ఫాంటు వాడుకో, కానీ ఫాంటుకీ ఒక గొంతు ఉంటుంది. రామభద్ర బండగా గట్టిగా అరుస్తుంది, ఈ పుస్తకానికి సరిపడదు. మండలి ఒకే మందంతో నెమ్మదిగా మాట్లాడుతుంది, రచయిత పేరుకి బాగుంటుంది. ఫొటోషాపులోనో ఇలస్ట్రేటర్‌లోనో తెలుగు టైపు చేసేటప్పుడు భారతీయ భాషల కంపోజర్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోయి పక్కకి పడతాయి. వెనక అట్ట మాటల్లో ‘క్ష్మి’, ‘ర్త్య’ లాంటివి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకో. అక్కడ వరసకీ వరసకీ మధ్య అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఇవ్వు. పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూచోవడం తెలుగు అట్టల మీద రోజూ చూస్తున్నాం. అక్షరాల్ని ఔట్‌లైన్లుగా, అంటే ఉత్త గీతల బొమ్మలుగా, మార్చేముందే ప్రూఫు దిద్దించు. మార్చాక ఒక్క దీర్ఘం కూడా సరిచెయ్యలేవు.

రంగు విషయంలో నీలిమందు నీలం తీసుకోమంటాను, ఉత్త పోగులకి గంజిపెట్టిన నూలు తెలుపు. పోగులు తెల్లగా నిలవాలంటే వెనక మెత్తని బూడిదరంగు కావాలి. ఎరుపు, పసుపు పక్కపక్కన పెడితే మన కళ్ళకి పెళ్ళిపత్రిక కనిపిస్తుంది. కొన్ని రంగులైతే ఒంటరిగా నిండుగా వేసినా పార్టీ జెండాలే గుర్తొస్తాయి. నీలంలో ఒక చిక్కుంది: తెరమీద నీలంగా మెరిసేది అచ్చులో ఊదాగా దిగుతుంది. అచ్చు ఇంకుల్లో మెజెంటా (గులాబి ఎరుపు) ఎప్పుడూ సయాన్ (లేత నీలం) కన్నా కనీసం ముప్ఫై శాతం తక్కువ ఉండాలి. సయాన్ 100 అయితే మెజెంటా 65 దగ్గర ఆపి, నలుపు 30 కలుపు. నీలం మధ్య తెల్లగా వదిలిన చిన్న అక్షరాలు ఇంకు పాకి పూడుకుపోతాయి, కాబట్టి అక్కడ సన్నని ఫాంటు వద్దు.

వెన్ను లెక్క ఊహించి వెయ్యకు. మన పుస్తకం 11 ఫారాలన్నావు, ఫారానికి 16 పేజీల చొప్పున 176, అంటే 88 కాగితాలు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) బరువున్న ‘మాప్లితో’ రకం కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు, కాబట్టి వెన్ను 9 దగ్గర తేలుతుంది. కానీ చివరి నిమిషంలో గుల్లగా ఉండే నేచురల్ షేడ్ కాగితానికి మారితే 11 కూడా దాటొచ్చు. ప్రెస్సువాళ్ళనడిగి అదే కాగితం వంద తెప్పించుకుని, నొక్కిపట్టి స్కేలుతో కొలువు. వెన్ను 9 అనుకుంటే రెండు అట్టలు, వెన్ను, చుట్టూ కత్తిరింపుకి వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడు కలిపి ఫైలు 295 వెడల్పు, 222 ఎత్తు. అంగుళానికి 300 చుక్కల లెక్కన వెడల్పు దాదాపు 3,480 పిక్సెళ్ళు కావాలి. నీ బొమ్మని అంతకు తక్కువలో స్కాన్ చెయ్యకు.

బైండింగులో వెన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. వెన్నుకి వేరే రంగు వేసి అంచు దగ్గర కత్తిరించినట్టు ఆపావంటే ఆ జరుగుడు ప్రతి కాపీలోనూ బయటపడుతుంది. బట్ట నీలాన్నే వెన్ను మీదుగా వెనక అట్టకి పోనివ్వు. ఇక్కడే నాకింకో ఆశ ఉంది: ముందు అట్టమీద తెగిన పోగు కొన గాలికి పోయినట్టు పక్కకి వాలి, వెన్ను దాటి, వెనక అట్టమీద ఒక చిన్న ముడి దగ్గర ఆగాలి. అడ్డంగా దాటే గీత కాబట్టి వెన్ను జరిగినా చెడదు. చివరి కథ చదివావు కదా, ఆ ముడి ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

వెన్ను మీద పేరు పైనుంచి కిందికి చదివేలా తిప్పు, పుస్తకం బల్లమీద బోర్లించకుండా పెడితే పేరు నిటారుగా కనిపించాలి. 9 మిల్లీమీటర్లలో అటూ ఇటూ ఒకటిన్నర వదిలితే ఆరు మిగులుతుంది. కొమ్ములు, గుడులు అన్నీ అందులోనే ఇమడాలి. వెనక ఐఎస్‌బీఎన్ బార్‌కోడు తెల్లటి గడిలో నల్లగానే వెయ్యి. స్కానరు వెలుతురు ఎరుపు కాబట్టి ఎర్ర గీతలు దానికి కనిపించవు.

కాగితం 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, పైన మ్యాట్ (మెరుపులేని) లామినేషన్. మెరిసే గ్లాసీ లామినేషన్ వేస్తే నూలు కాస్తా పాలిస్టరులా మెరుస్తుంది. మ్యాట్ రంగుని కొంచెం మందగింపజేస్తుంది కాబట్టి నీలం ఒక మెట్టు నిండుగా ఉంచు. స్పాట్ యూవీ (కొన్ని చోట్ల మాత్రం వేసే మెరుపు పూత) అని ప్రెస్సువాళ్ళు తప్పకుండా అంటారు, ఈ పుస్తకానికి వద్దు. కార్డు నార, అంటే అందులో పీచు సాగే దిశ, వెన్నుకి సమాంతరంగా ఉండాలని మాత్రం గట్టిగా చెప్పు. అడ్డంగా ఉంటే వెన్ను మడత దగ్గర ఇంకు పగులుతుంది. లామినేషన్ ఒకవైపే ఉంటుంది గనక వానాకాలంలో లోపలివైపు తేమ పీల్చి ఉబ్బి అట్ట బయటికి తిరుగుతుంది. నార సరిగ్గా ఉంటే ఆ బాధ కూడా తగ్గుతుంది.

రఫ్‌లు అగ్గిపెట్టె సైజులో ఓ ఇరవై గియ్యి, పెద్దవి ఇప్పుడే వద్దు. వాటిలో మూడు ఏరి, అసలు సైజులో ప్రింటు తీసి, అదే మందమున్న పాత పుస్తకానికి చుట్టి రెండు రోజులు బల్లమీద వదిలెయ్. దారిన పోతూ చూసినప్పుడు కన్ను ముందు ఎక్కడ ఆగుతుందో గమనించు. తెగిన పోగు దగ్గర ఆగకపోతే పక్క పోగుల్ని ఇంకాస్త నిటారుగా చెయ్యి. ఆ మూడూ ఫోనులో ఫొటో తీసి నాకు పంపు. కాగితం ఏదో తేలగానే కొలత కూడా చెప్పు, ఫైలు గళ్ళు నేను వేసిస్తాను.

నీ
రాముడు

తా.క. ముడిని చూసి గీసుకోరా. నేతగాడు వేసే ముడి చాలా చిన్నది, అచ్చు పళ్ళ సందుల్లోంచి దూరిపోవాలి. షూ లేసు ముడిలా పెద్దగా వేస్తే ఆ వెనక అట్ట మొత్తం అబద్ధమైపోతుంది.