మంత్రి గారూ, మెయిల్ సర్వర్ మార్చడమంటే కుర్చీ మార్చడం కాదండీ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తున్నాను. ఏ కార్యాలయమో రాయను, రాస్తే వచ్చే ఏడాది నా రెన్యువల్ ఉండదు. మా మెయిల్ సర్వర్ మార్చిన వైనం మీ చెవిన వేద్దామని ఈ ఉత్తరం.

పాత సర్వర్ సెంటాస్ 6 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. దానికి 2020 నవంబరు 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. అయినా నెట్టుకొచ్చాం, ఎందుకంటే కొత్తది కావాలని పెట్టిన ఫైలు ప్రతి ఏడాదీ ఏదో ఒక టేబుల్ మీద పడుకునేది. అందులో నాలుగు డిస్కుల రెయిడ్ 5, అంటే డేటాని అన్ని డిస్కులకీ పంచి రాసే పద్ధతి. ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండోది కూడా పోతే ఇక అంతే సంగతులు. మాకు ఆ ఒకటీ పోయి నెలలైంది. సర్వర్‌కి దసరాకి పెట్టిన కుంకుమబొట్టు పక్కనే, డిస్కు పోయిందని చెప్పే నారింజ రంగు లైటు మిణుకుమిణుకుమంటుంటే, ఆఫీసు మెయిళ్లన్నీ ఆ బొట్టు మీదే ఆధారపడి ఉన్నాయని నవ్వుకునేవాళ్లం.

చివరికి మార్చి నెలాఖరున, నిధులు మురిగిపోతాయని హడావుడిగా టెండరు పిలిచారు. అందులో ఏముంది? సర్వర్ సప్లై, ఇన్‌స్టలేషన్, పాతది బైబ్యాక్ (అంటే అమ్మినవాళ్లే పాతది కొనుక్కుపోవడం). మైగ్రేషన్, అంటే పాతదాంట్లోని మెయిళ్లని కొత్తదాంట్లోకి మార్చడం, అన్న మాటే లేదు. అందరికంటే తక్కువ ధర వేసి ఎల్1 వచ్చినాయన ఇద్దరు కుర్రాళ్లని పంపాడు. వాళ్లు రాక్‌లో బిగించి, పవర్ ఆన్ చేసి, పచ్చ లైటు చూపించి రిపోర్టు మీద సంతకం పెట్టమన్నారు. కింద వ్యాను రెడీగా ఉంది, పాత సర్వర్ పట్టుకుపోవడానికి. అందరి మెయిళ్లూ ఇంకా అందులోనే ఉన్నాయండీ!

గంటసేపు గొడవపడి వ్యాన్ని వెనక్కి పంపాను. "పాతది అందినట్టు చలానాలో రాయకపోతే మా బిల్లు పాసవదు సార్" అని ఆ కుర్రాడు బతిమాలాడు, పాపం తప్పు అతనిది కాదు. మా ఆఫీసరు గారు మధ్యేమార్గంగా మూడు రోజులు గడువిచ్చారు, ఆ మూడు రోజులూ సర్వర్ ఒక్క నిమిషం కూడా ఆగకూడదన్నారు.

నిజానికి ఇదేం బ్రహ్మవిద్య కాదు. మన మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో బయటివాళ్లకి చెప్పేది డీఎన్ఎస్, ఆ జవాబుని వాళ్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది టీటీఎల్. రెండు రోజుల ముందే ఆ టీటీఎల్ 300 సెకన్లకి తగ్గించుకోవాలి. పాతది నడుస్తుండగానే మెయిళ్లన్నీ ఒకసారి కాపీ చేసి, తర్వాత కొత్తగా వచ్చినవి మాత్రమే మళ్లీ కాపీ చేసి, ఆఖర్న ఓ శనివారం రాత్రి రెండు గంటలు సర్వీసు ఆపి మిగిలిన కాస్తా లాక్కోవాలి. ఆ రెండు గంటల్లో బయటి నుంచి వచ్చే మెయిళ్లు ఎక్కడికీ పోవు. పంపిన సర్వరే వాటిని క్యూలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, కనీసం నాలుగైదు రోజులు ఊరుకోకూడదని మెయిల్ ప్రమాణాల్లోనే ఉంది. ఒక్క నిమిషం ఆగకూడదన్న ఆర్డరు వల్ల వచ్చేది టెన్షన్ ఒక్కటే.

మూడు రోజులే ఉండేసరికి తొందరపడ్డాను. ఒక డిస్కు లేని రెయిడ్ మీద అంత డేటా చదివిస్తుంటే రెండోది ఎప్పుడు చేతులెత్తేస్తుందోనని రెండు రాత్రులు సర్వర్ రూములోనే కూర్చున్నాను. మెయిళ్లన్నీ వచ్చాయి. కానీ ప్రతి మెయిల్‌కీ సర్వర్ లోపల ఒక నంబరు ఇచ్చుకుంటుంది, ఆ నంబర్ల ఫైళ్లు సరిగ్గా రాలేదు, అది నా పొరపాటే. సోమవారం పొద్దున పదింటికి ఆఫీసులో అవుట్‌లుక్‌లన్నీ ఇవన్నీ కొత్త మెయిళ్లే అనుకుని ఏళ్ల తరబడి పోగైనవన్నీ మళ్లీ డౌన్‌లోడ్ మొదలుపెట్టాయి. నెట్ చచ్చింది. మూడో అంతస్తు సూపరింటెండెంట్ గారు కిందికి దిగొచ్చి మరీ తిట్టారు.

పైగా కొత్తదానికి కొత్త ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో దాని నంబరు, ఇచ్చారు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ తన జీమెయిల్‌కి పంపేవాళ్లందరి దగ్గరా రివర్స్ డీఎన్ఎస్, అంటే ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే రికార్డు, సరిగ్గా ఉండాలంటోంది. అది మార్చాలంటే నెట్ ఇచ్చే సంస్థకి లెటర్‌హెడ్ మీద ఆఫీసరు సంతకంతో ఉత్తరం వెళ్లాలి. సంతకానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ మేం బయటికి పంపినవి సగం స్పామ్‌లో పడ్డాయి. పెన్షన్ కాగితాల కోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దాయన రోజూ ఫోన్ చేసి "పంపామంటారు, రాదేంటి బాబూ" అనేవారు. స్పామ్ ఫోల్డర్ ఎక్కడుంటుందో ఆయనకి ఫోన్లో చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇక మీదట ఇలాంటి టెండర్లలో మైగ్రేషన్ అని విడిగా ఒక లైను రాయించండి, దానికి రోజులూ డబ్బూ చూపించండి. కొత్తది సరిగ్గా పనిచేస్తోందని తేలేదాకా, కనీసం నెల రోజులు, పాతది ఆన్‌లోనే ఉంచాలని షరతు పెట్టండి. డిస్కుల్ని బైబ్యాక్‌లో కలపొద్దు. ఉద్యోగుల మెమోలు, జనం ఫిర్యాదులు, ఆధార్ జెరాక్సులు అన్నీ వాటిలో ఉంటాయి. ఆ వ్యాను వాటిని తీసుకెళ్లి ఎవరికి అమ్ముతుందో మనకేం తెలుసు?

గడువు అయిపోయాక వ్యాను మళ్లీ వచ్చింది. నేను డిస్కులు పీకేసి ఖాళీ డబ్బా ఇచ్చాను. ఆ నాలుగు డిస్కులూ ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. స్టాక్ రిజిస్టరు ప్రకారం మాత్రం అవి సర్వర్‌తో పాటే వెళ్లిపోయాయి. ఆడిట్ వాళ్లు వచ్చేలోగా వాటిని ఎవరికి అప్పగించాలో, లేదా ఎవరి ముందు పగలగొట్టాలో మీ శాఖ నుంచి ఒక మెమో ఇప్పించగలరు.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు సిస్టమ్ అడ్మిన్