డిజైన్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి తెర సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

డిజైన్ కోర్సుల్లో చేరుతున్న పిల్లలు ఏ ల్యాప్‌టాప్ కొనాలో చెబుతూ మీ పత్రికలో ఈమధ్య వచ్చిన కథనం చదివాను. బాగానే రాశారు, కాదనను. ప్రాసెసర్ ఏ తరందో, ర్యామ్ ఎంతో, గ్రాఫిక్స్ కార్డు ఏదో, ధర ఎంతో పట్టిక వేసి మరీ ఇచ్చారు. కానీ ఆ పట్టికలో తెర గురించి ఉన్నది '15.6 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ' అన్న ఒక్క ముక్కే. రంగుల మీద బతకబోయే పిల్లాడికి మెషీన్ సిఫారసు చేస్తూ ఆ తెర రంగుల్ని ఎంతవరకు చూపిస్తుందో రాయకపోతే ఎలాగండీ?

నేను విజయవాడలో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న సెంటర్ నడుపుతున్నాను. కొత్తగా పని నేర్చుకున్న కుర్రాళ్లు సొంత ల్యాప్‌టాప్‌లో చేసిన ఫైళ్లు ప్రింటింగ్ కోసం మా దగ్గరికి తెస్తుంటారు. ప్రూఫ్ (నమూనా ప్రింటు) తీస్తే కుంకుమ రంగు మాడిపోయినట్టు, పసుపు కళ్లలో పొడిచినట్టు, పెళ్లికూతురి ముఖం కమలా రంగులో ఉంటుంది. ఇంత రంగు కొట్టావేంటి బాబూ అంటే 'నా సిస్టమ్‌లో కరెక్టుగానే ఉందన్నా' అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు, వాడి సిస్టమ్‌లో నిజంగానే కరెక్టుగా ఉంది, ఆ సిస్టమే కరెక్టుగా లేదు.

కారణం ఏంటంటే, తక్కువ ధరలో, మధ్యరకం ధరలో దొరికే చాలా ల్యాప్‌టాప్‌లకి వేసే తెర '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' రకం. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953లో అమెరికావాళ్లు కలర్ టీవీ కోసం పెట్టుకున్న పాత రంగుల కొలత. ఇవాళ వెబ్‌లోనూ మామూలు మానిటర్ల మీదా నడిచేది ఎస్‌ఆర్‌జీబీ అనే కొలత, దాన్ని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చాయి. ఆ లెక్కలోకి మారిస్తే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ తెర చూపించేది ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 60 నుంచి 65 శాతమే. మూడోవంతుకి పైగా రంగులు ఆ తెర మీద లేనే లేవన్నమాట. ఎరుపు ఇటుక రంగులోకి దిగిపోతుంది, నీలం వెలిసినట్టు ఉంటుంది. చప్పగా ఉందే అని కుర్రాడు శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతాడు, ఇంకా పెంచుతాడు, తన కంటికి బాగున్నదాకా పెంచి ఫైల్ సేవ్ చేస్తాడు. మంచి తెర మీదా, కాగితం మీదా ఆ పెంచిందంతా బయటపడుతుంది. అదే 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే దాదాపు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ కింద లెక్క, ఆ తెరతో పని నడుస్తుంది.

తమాషా ఏంటంటే ఈ బోడి తెరలు చవక గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కూడా బోలెడు. 144 హెర్ట్జ్ అని స్టిక్కర్ ఉంటుంది, ఆర్‌టీఎక్స్ అని గ్రాఫిక్స్ కార్డు పేరుతో ఇంకో స్టిక్కర్ ఉంటుంది, కీబోర్డులో ఏడు రంగుల లైట్లు వెలుగుతుంటాయి, తెరలో మాత్రం రంగుండదు. మా వీధిలో ఒకాయన కొడుకు డిజైన్ చదువుతానంటే అప్పు చేసి మరీ అలాంటిది కొనిచ్చాడు. 144 హెర్ట్జ్ అంటే తెర మీద బొమ్మ సెకనుకి 144 సార్లు మారగలదని, ఆటలో తుపాకీ పేల్చేవాడికి అది అక్కరకొస్తుంది గానీ లోగో గీసేవాడికి దేనికి?

గ్రాఫిక్స్ కార్డు వద్దని నేననడం లేదు. త్రీడీ చేసేవాళ్లకి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి కావాలి. ఫొటోషాప్‌లో కొన్ని ఫిల్టర్లకీ పనికొస్తుంది. ఇల్లస్ట్రేటర్, కోరల్ డ్రా, ఇన్‌డిజైన్‌తో ఎక్కువ పని నడిచేవాడికి మాత్రం దానికోసం పెట్టే అదనపు డబ్బు దండగ. పైగా పేరు చూసి కొనడానికీ లేదు. ఆర్‌టీఎక్స్ 4060నే తీసుకోండి, అదే కార్డుని ఒక ల్యాప్‌టాప్‌లో 35 వాట్లకి, ఇంకోదాంట్లో 115 వాట్లకి నడిచేలా తయారీదారు పెట్టుకోవచ్చు. వాట్లు తగ్గితే వేగమూ తగ్గుతుంది, స్టిక్కర్ మాత్రం రెండిటి మీదా ఒకటే. ఆ డబ్బుతో ర్యామ్ 16 జీబీకో 32కో పెంచుకోవడమో, నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) మానిటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోవడమో నయం. ఇప్పటికే 45 శాతం తెర ల్యాప్‌టాప్ కొనేసినవాళ్లకి కూడా ఈ మానిటరే సులువైన దారి, మెషీన్ అమ్ముకోనక్కర్లేదు.

ర్యామ్ అంటే గుర్తొచ్చింది. 'తర్వాత పెంచుకోవచ్చు సార్' అని షాపుల్లో అలవాటుగా అనేస్తారు. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉంటుంది, పెంచడానికి స్లాటే ఉండదు. యాపిల్ వాటిలో అయితే ఆ ప్రసక్తే లేదు, కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. 2024 అక్టోబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్‌కి మొదటి మోడల్ నుంచే 16 జీబీ ఇవ్వడం మొదలుపెట్టారు గానీ, అంతకుముందు స్టాక్‌లోని 8 జీబీవి ఆఫర్లలో ఇంకా కనిపిస్తుంటాయి, చూసుకుని కొనాలి.

మ్యాక్ సంగతి మీ కథనంలో రెండు వాక్యాల్లో తేల్చేశారు, 'బడ్జెట్ ఉంటే మ్యాక్ ఉత్తమం' అని. తెర వరకు నేనూ ఒప్పుకుంటాను, రంగుల్లో దానికి వంక పెట్టలేం. కానీ ఈ పత్రిక చదివేది తెలుగువాళ్లు కదండీ. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఈరోజుకీ యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్లే నడుస్తున్నాయి, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ కూడా నడుస్తోంది. 2001లో వచ్చిన 7.0తో అడోబీ దానికి స్వస్తి చెప్పినా మనవాళ్లు వదల్లేదు. పాత కార్డు ఫైళ్లు, పాత పుస్తకాల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి, పార్టీ వచ్చి 'పోయిన ఏడాది కార్డే, పేర్లు మార్చండి' అంటే దాన్ని తెరవాల్సిందే, కొత్త మ్యాక్‌లో పేజ్‌మేకర్ నేరుగా నడవదు. ఒకప్పుడు ఇంటెల్ మ్యాక్‌లో బూట్‌క్యాంప్ పెట్టి విండోస్ వేసుకునేవాళ్లు, 2020 చివర్లో యాపిల్ సొంత ఎం1 చిప్ వచ్చాక కొత్త మ్యాక్‌లలో ఆ దారి మూసుకుపోయింది. 2024 నుంచి ఎక్కువగా వస్తున్న స్నాప్‌డ్రాగన్ చిప్ (ఫోన్లలో వాడే రకం) విండోస్ ల్యాప్‌టాప్‌లతోనూ ఇలాంటి పేచీ ఉంది. బ్యాటరీ బ్రహ్మాండం, ఫొటోషాప్ హాయిగా నడుస్తుంది, కానీ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే లైసెన్సు కీ) పెడితే తప్ప తెరుచుకోని పాత సాఫ్ట్‌వేర్లకీ పాత ప్రింటర్లకీ ఆ చిప్ కోసం ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ (ఆ పరికరాన్ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాం) ఉండాలి. అది లేకపోతే మెషీన్ ఎంత ఖరీదైనదైనా పని జరగదు. యాప్ స్క్రీన్లూ సోషల్ మీడియా పోస్టులూ యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌లో నడిచే తెలుగు అక్షరాల పద్ధతిలో) చేసుకునేవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్లు నిశ్చింతగా మ్యాక్ కొనుక్కోవచ్చు. తెలుగు ప్రింటింగ్ పని పట్టుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఇంటెల్ లేదా ఏఎండీ మీద నడిచే విండోస్ వైపే ఉండటం మంచిది.

సెకండ్‌హ్యాండ్ వైపు వెళ్లేవాళ్లకీ ఒక మాట. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ లాంటి చోట్ల కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు తక్కువకి వస్తాయి, గట్టివే, చాలావాటిలో ర్యామ్ కూడా పెంచుకోవచ్చు. ఆఫీసు లెక్కల కోసం కొన్నవి కాబట్టి వాటిలో చాలావాటికి ఈ 45 శాతం తెరే ఉంటుంది. డిజైన్, ఇంజినీరింగ్ పనుల కోసం చేసిన వర్క్‌స్టేషన్ రకమైతే తెర మంచిది దొరికే అవకాశం ఎక్కువ. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతదైతే విండోస్ 11 అధికారికంగా పడదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది.

షాపులో తెర ఎలా చూడాలో కూడా ఎవరూ రాయరు. మోడల్ పేరు చూసి మోసపోకూడదు, ఒకే పేరుతో రెండు మూడు రకాల తెరలు వేస్తారు, తేడా పెట్టె మీద కోడ్ చివరి అక్షరాల్లో ఉంటుంది. ఆ పూర్తి కోడ్ ఫోన్‌లో కొట్టి వెతకండి. లెనోవో అయితే పీఎస్‌రెఫ్ సైట్లో తెర శాతం రాసి పెడుతుంది, నోట్‌బుక్‌చెక్ సైట్‌వాళ్లు మెషీన్లు తెప్పించి కొలిచి మరీ చెబుతారు. వెళ్లేటప్పుడు ఒక పెన్‌డ్రైవ్‌లో నిండు ఎరుపు, నిండు నీలం, నలుపు నుంచి తెలుపు దాకా బూడిద రంగు మెట్లు ఉన్న బొమ్మలు వేసుకెళ్లండి. బాగా ప్రింటైన పెళ్లికార్డు ఒకటీ, దాని ఫైలూ తీసుకెళ్లి తెర పక్కన పెట్టి చూడండి. అచ్చంగా కలవదు, కాగితం మీద సిరా వేరు, తెర వెలుగు వేరు, నిండు నీలం ఎలాగూ ప్రెస్‌లో కాస్త ఊదాకి తిరుగుతుంది. అయినా ఏ తెర ఎంత దూరంలో ఉందో రెండు మెషీన్లు పక్కపక్కన పెడితే చదువుకోనివాళ్లకి కూడా తెలిసిపోతుంది. సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఓఎల్‌ఈడీ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) తెర పక్కన పెడితే అన్నీ వెలవెలబోతాయి నిజమే, కానీ దాని మెరుపు చూసి తొందరపడొద్దు. సెట్టింగుల్లో రంగుల్ని ఎస్‌ఆర్‌జీబీకే పరిమితం చేసే మోడ్ ఉందో లేదో అడగండి, లేకపోతే ఇది మొదటి కుర్రాడి కథకి తలకిందులు, అన్నీ నిండుగా కనిపించి కాగితం మీద చప్పగా వస్తాయి. రోజంతా ఒకే టూల్‌బార్ కదలకుండా తెర మీద ఉండే పని మనది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మచ్చ పడే ప్రమాదం కూడా ఉంటుంది.

చివరగా ఒక అభ్యర్థన. దసరాకి, దీపావళికి మీ పత్రికలో పేజీలకి పేజీలు ల్యాప్‌టాప్ ప్రకటనలు వస్తాయి. ఈఎంఐ ఎంతో, ఉచితంగా ఇచ్చే బ్యాగు ఏదో పెద్దక్షరాల్లో ఉంటుంది, తెర ఎస్‌ఆర్‌జీబీ శాతం చిన్నక్షరాల్లో కూడా ఉండదు. ప్రకటన వాళ్లని మీరు శాసించలేరని తెలుసు. మీ పట్టిక మాత్రం మీ చేతిలోదే కదా, ఈసారి వేసేటప్పుడు రంగుల శాతానికి ఒక గడి, ర్యామ్ పెంచుకోవచ్చో లేదో చెప్పడానికి ఒక గడి కలపండి. వీలైతే ఆ పట్టికని అచ్చుకి పంపేముందు మీ ఆఫీసులోనే పేజీలు పెట్టేవాళ్లకి ఒకసారి చూపించండి, ఏ తెర ముందు కూర్చుని వాళ్లు మీ ఆదివారం అనుబంధం కవర్ చేస్తున్నారో అడగండి.

ఇట్లు,
డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, విజయవాడ