కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: గ్రంథాలయం సర్వర్ అప్‌గ్రేడ్ వ్యవహారం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

వరద సాయం లెక్కలు, కాలువల పూడికతీత, జమాఖర్చుల పట్టిక విడిగా మీకు అందాయి కాబట్టి వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు. గ్రంథాలయం సర్వర్ ఫిబ్రవరిలో మూడు రోజులపాటు ఎందుకు మూగబోయిందో, పుస్తకాల జాబితా, నెలసరి చందాల ఖాతా ఎందుకు తెరుచుకోలేదో రాతపూర్వకంగా చెప్పాలని గత సమావేశంలో పలువురు సభ్యులు కోరారు. ఆ పని నా చేతిమీదుగానే జరిగింది గనుక జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

మన సర్వర్ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. దీన్ని మొదట అమర్చిన విశ్రాంత ఇంజనీరు గారు, మన పాత మిషన్‌కు అవసరం లేని భాగాలన్నీ తీసేసి సొంతంగా ఒక కెర్నెల్ (మిషన్ భాగాలను నడిపించే, వ్యవస్థకు గుండెలాంటి ప్రోగ్రాము) తయారు చేశారు. ఫ్రీబీఎస్‌డీతో వచ్చే సిద్ధపు అప్‌డేట్ పద్ధతి జెనెరిక్ అనే మామూలు కెర్నెల్‌నే మార్చగలదు. సొంత కెర్నెల్ ఉన్నవారు దాన్ని సోర్స్ కోడ్ (మనుషులు రాసిన ప్రోగ్రాము పాఠం) నుంచి కంపైల్ చేసుకోవలసిందే, అంటే మిషన్ నడిపే రూపంలోకి మార్చుకోవలసిందే. మన మిషన్‌లో ఉన్న 13వ శ్రేణికి మద్దతు గడువు 2026 ఏప్రిల్ 30 కాబట్టి, డిసెంబరులో విడుదలైన 14.2కు సోర్స్ నుంచే మారాలని కార్యవర్గం జనవరిలో తీర్మానించింది.

సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, గ్రంథాలయం గదిలోకి నడుము లోతు నీళ్లు రాకముందే కుర్రాళ్లు సర్వర్‌ను భుజాన వేసుకుని ఎదురింటి రెండో అంతస్తుకు చేర్చారు. మిషన్ దక్కింది. అయితే డిసెంబరు దాకా అది కరెంటు లేకుండా గోనెసంచిలో మూటగట్టి ఉండడం వల్ల, మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపించే బిళ్లంత బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. డిసెంబరులో మిషన్ ఆన్ చేసిన రోజు తేదీ తప్పుగా కనబడితే ఎవరో చేత్తో సరిచేశారు. ఆ తర్వాత మిషన్ ఆరిపోలేదు కాబట్టి బ్యాటరీ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఫ్రీబీఎస్‌డీలో కెర్నెల్ కాక మిగిలిన మూల వ్యవస్థనంతా కలిపి వరల్డ్ అంటారు. వరుస ఇది: మొదట వరల్డ్‌ను, కెర్నెల్‌ను కంపైల్ చేయాలి, తర్వాత కొత్త కెర్నెల్‌ను మాత్రమే ఎక్కించి మిషన్‌ను ఒకసారి తిరిగి ఆన్ చేయాలి, అది నిలబడిందని తేలాకే వరల్డ్‌ను ఎక్కించాలి. ఈ వరుస తప్పితే కొత్త ప్రోగ్రాములు పాత కెర్నెల్‌లో లేని సిస్టమ్ కాల్‌ను (కెర్నెల్‌ను సాయం అడిగే పిలుపు) పిలిచి కూలిపోవచ్చు. మేము వరుస తప్పలేదు. తప్పు వేరే చోట జరిగింది.

శనివారం సాయంత్రం సోర్స్ తెచ్చుకుని వరల్డ్‌ను కంపైల్ చేసే బిల్డ్‌వరల్డ్ ఆదేశం మొదలుపెట్టాం. మన మిషన్ మీద అది తొమ్మిది గంటల పని. అందులో ఎక్కువ భాగం కంపైలర్ తనను తాను కంపైల్ చేసుకోవడానికే పోతుంది. రాత్రి రెండింటికి కరెంటు పోయింది, యూపీఎస్ ఇరవై నిమిషాలకే చేతులెత్తేసింది. తెల్లవారి మిషన్ ఆన్ అయినప్పుడు దాని గడియారం 2010 జనవరికి వెళ్లిపోయింది. ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసే ఎన్‌టీపీడీ ఉందిగదా అని మీరు అడగవచ్చు. తేడా వెయ్యి సెకన్లు దాటితే అది సరిదిద్దకుండా లాగ్‌లో ఒక వాక్యం రాసి తప్పుకుంటుంది. మొదలయ్యేటప్పుడు ఎంత తేడానైనా సరిదిద్దమని చెప్పే వరుస మన పాత సెట్టింగులలో లేదు. ఆ ఉదయమే సోర్స్‌ను తెచ్చిపెట్టే గిట్ అనే ప్రోగ్రాముతో దాన్ని సరిచూడబోతే, వెబ్‌సైటు గుర్తింపు సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదన్న సందేశం వచ్చింది. ఇంటర్నెట్ వాళ్ల తంటా అనుకుని నేను పట్టించుకోలేదు. ఈ నివేదికలో నేను ఒప్పుకోవలసిన తప్పు ఏదైనా ఉంటే అది అదే.

బిల్డ్ మళ్లీ మొదటి నుంచి నడిచి ఏ అభ్యంతరం లేకుండా పూర్తయింది, కొత్త కెర్నెల్ ఎక్కింది, మిషన్ దానితోనే లేచింది. సోమవారం సింగిల్ యూజర్‌లోకి (మరమ్మతు కోసం ఒక్కరే వాడే స్థితి) వెళ్లి, వరల్డ్‌ను ఎక్కించే ఇన్‌స్టాల్‌వరల్డ్ ఆదేశం ఇచ్చాక కొద్ది నిమిషాలకే పని ఆగి, తెర మీద ‘టచ్: నాట్ ఫౌండ్’ అని పడింది. టచ్ అన్నది ఫైలు తేదీని మార్చే చిన్న ఆదేశం. వెతికితే దాని చోట అది భద్రంగానే ఉంది. ఉన్న ఫైలును లేదంటున్న మిషన్‌తో గంటన్నర కుస్తీ పట్టాం. డిస్కు చెడిందేమోనని పూల్‌ను (డిస్కు నిల్వనంతా కలిపి ఉంచే అమరిక) పరీక్షించాం, వరద తేమకు మెమరీ పాడయిందేమోనని అనుమానించాం. చివరికి పాలిటెక్నిక్ చదువుతున్న కుర్రాడు ఊరికే డేట్ అని కొట్టి, “మాస్టారూ, ఈ మిషన్ ఇంకా 2010లోనే ఉందండీ” అన్నాడు.

అప్పుడు అంతా అర్థమైంది. మేక్ అనే ప్రోగ్రాము ఏ ఫైలును మళ్లీ తయారుచేయాలో తేదీలను బట్టే తేలుస్తుంది. సోర్స్ ఫైళ్లు 2025లో దిగాయి, వాటి నుంచి పుట్టిన ఫైళ్లు 2010లో తయారైనట్లు నమోదయ్యాయి. తల్లికంటే బిడ్డే పెద్దదని కనబడితే మేక్ మాత్రం ఏం చేస్తుంది, అన్నిటినీ మళ్లీ కంపైల్ చేయబోయింది. ఇన్‌స్టాల్ సమయంలో మాత్రం అవసరమైన కొద్దిపాటి ఆదేశాలను ఒక తాత్కాలిక డైరెక్టరీలోకి తీసుకుని వాటితోనే పని నడుపుతారు. కంపైలింగ్‌కు కావలసిన పనిముట్లు అందులో ఉండవు. అందుకే ఉన్న ఆదేశం లేదని వచ్చింది.

వరల్డ్ సగం కొత్తది, సగం పాతది అయిన ఆ స్థితిలో ముందుకు తోయడం ప్రమాదం. అదృష్టవశాత్తూ శనివారమే బీఈసీటీఎల్ అనే ఆదేశంతో అప్పటి వ్యవస్థకు ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (కావాలంటే తిరిగి లేపుకోగల నకలు) తీసి పెట్టాం, అది మాత్రం మా వివేకమే. బూట్ మెనూలో దాన్ని ఎంచుకోగానే పాత 13 చెక్కుచెదరకుండా లేచింది. మన అమరికలో సోర్స్ డైరెక్టరీ విడి డేటాసెట్ (పూల్‌లో వేరుగా ఉంచిన భాగం) కాబట్టి అది మిగిలింది. కంపైల్ చేసిన ఫైళ్లు మాత్రం శనివారం నాటి వ్యవస్థలో లేవు. ఎలాగూ వాటి తేదీలు పనికిరావు గనుక చింతపడలేదు.

బీసెంట్ రోడ్డులో సీఆర్2032 బ్యాటరీ కొని తెచ్చి వేశాం, ఎన్‌టీపీడీ సెట్టింగు సరిచేశాం, తేదీ చూసుకుని మళ్లీ మొదటి నుంచి బిల్డ్ చేశాం. ఈసారి సింగిల్ యూజర్‌లోకి వెళ్లగానే గడియారం అయిదున్నర గంటలు ముందుకు దూకింది. మదర్‌బోర్డు మీది బయోస్ గడియారం భారత సమయంలో ఉండగా, ఆ దశలో సిస్టమ్ దాన్ని అంతర్జాతీయ సమయంగా తీసుకోవడమే కారణం. ఈ తేడాను సర్దే అడ్జ్‌కెర్న్‌టీజెడ్ ఆదేశాన్ని ‘ఐ’ గుర్తుతో నడిపితే సర్దుకుంది. ఇన్‌స్టాల్‌వరల్డ్ ఎక్కడా ఆగకుండా పూర్తయింది.

తర్వాత మన సెట్టింగుల ఫైళ్లను కొత్తవాటితో కలిపే ఈటీసీఅప్‌డేట్ ఒక్క ఫైలు దగ్గర మమ్మల్ని నిలబెట్టింది. 14 నుంచి రూట్ వాడుకరికి (పూర్తి అధికారాలున్న ఖాతా) మొదటి నుంచీ ఉన్న సీఎస్‌హెచ్‌కు బదులు ఎస్‌హెచ్ షెల్‌గా, అంటే ఆదేశాలు అందుకునే ప్రోగ్రాముగా వస్తుంది. మాస్టర్ పాస్‌వర్డ్ ఫైలులో రూట్ వరుసలో మన రహస్యపదం, వాళ్ల మార్పు రెండూ ఒకే వరుసలో కలవడంతో దాన్ని చేత్తో విడదీయవలసి వచ్చింది. తొందరపడి కొత్త ఫైలునే ఉంచమని ఉంటే సభ్యుల లాగిన్‌లన్నీ ఒక్క మీటతో పోయేవి. 13లో సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 ఉండగా 14లో 3.0 ఉంది కాబట్టి, పాత లైబ్రరీలను (ప్రోగ్రాములు పంచుకునే ఫైళ్లు) తీసేయక ముందే ప్యాకేజీలన్నిటినీ బలవంతంగా తిరిగి ఎక్కించాం. గురువారం మధ్యాహ్నానికి పుస్తకాల జాబితా తెరుచుకుంది. ఏ సమాచారమూ పోలేదు.

రెండు పనులు మిగిలి ఉన్నాయి. డిస్కులో ఈఎఫ్‌ఐ అనే విడి విభజనలోని బూట్ లోడరును (మిషన్ ఆన్ కాగానే వ్యవస్థను లేపే ప్రోగ్రాము) ఇన్‌స్టాల్‌వరల్డ్ మార్చదు కాబట్టి దాన్ని విడిగా మార్చాలి. అది పూర్తయి, పాత బూట్ ఎన్విరాన్‌మెంట్ ఇక అక్కరలేదని నిర్ధారించుకునే దాకా జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేయరాదని తీర్మానించాం, ఎందుకంటే కొత్త లక్షణాలు తెరిచిన పూల్‌ను పాత లోడరు చదవలేకపోవచ్చు.

సభ్యులు తేల్చవలసింది ఒకటుంది. ఒక్కో ఉపవిడుదలకు మద్దతు తర్వాతిది వచ్చిన మూడు నెలల వరకే ఉంటుంది గనుక ఇకపై ఏడాదికి ఒకసారైనా మార్పు తప్పదు. సొంత కెర్నెల్ వదిలి జెనెరిక్‌కు మారితే ఆ పని అరగంటలో ముగుస్తుంది. ఉంచుకుంటే ప్రతిసారీ రాత్రంతా కంపైల్ చేయాలి, అయితే మన పిల్లలకు వ్యవస్థను లోపలి నుంచి నేర్పే అవకాశం నిలుస్తుంది. కార్యవర్గంలో అభిప్రాయాలు సమానంగా చీలాయి. నా మొగ్గు రెండోదాని వైపే అయినా, మూడు రోజులు జాబితా మూసి ఉంచింది కూడా నేనే కాబట్టి నా ఓటును లెక్కలోకి తీసుకోవద్దని సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి