పాత వార్తల్లో ‘ఇన్‌స్టంట్’ అంటే ఏ నెల?

సంపాదకుల వారికి,

నూరేళ్లు, నూటయాభై ఏళ్ల నాటి ఇంగ్లిష్ పత్రికల వార్తలను తెలుగు చేసి ‘ఆనాటి మన ఊరు’ తరహా శీర్షికల్లో పత్రికలు వేస్తుండటం మెచ్చుకోదగిన పని. అయితే అలాంటి వార్తల్లో తేదీలు తారుమారు కావడానికి ఒక మామూలు ఇంగ్లిష్ మాట చాలు. అది ‘ఇన్‌స్టంట్’. ఇవాళ కాఫీ పొడికీ నూడుల్స్‌కీ తగిలించే ఈ మాట పాత వార్తల్లో తేదీ పక్కన కనిపిస్తే ‘ఈ నెల’ అని అర్థం. దాని తోడు మాటలు ‘అల్టిమో’ అంటే గడచిన నెల, ‘ప్రాక్సిమో’ అంటే వచ్చే నెల. చోటు కలిసిరావడానికి మొదటి మూడు నాలుగు అక్షరాలు వేసి చుక్క పెట్టేవారు (inst., ult., prox.).

అర్థం తెలిసినంత మాత్రాన పని కాదు. ‘ఈ నెల’ అంటే పత్రిక నెత్తిన అచ్చయిన నెల కాదు, ఆ వార్త రాసిన రోజున నడుస్తున్న నెల. అసలు చిక్కంతా ఇక్కడే.

బందరు ఉప్పెననే తీసుకుందాం. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం పొంగి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అంతకు ముందు నెల, అక్టోబరు 5న, పెను తుపాను కలకత్తాను కుదిపేసింది. నవంబరులో మద్రాసు నుంచి ఉత్తరం రాసే విలేఖరి అలవాటు ప్రకారం మొదటిదాన్ని ‘1వ తేదీ ఇన్‌స్టంట్’ అనీ, రెండోదాన్ని ‘5వ తేదీ అల్టిమో’ అనీ రాస్తాడు. ఆ ఉత్తరం ఓడ మీద లండన్ చేరేసరికి డిసెంబరు వస్తుంది. అక్కడి పత్రిక దాన్ని ఉన్నదున్నట్టు వేస్తే, సంచిక మీది నెల చూసి లెక్క కట్టేవారికి బందరు ఉప్పెన డిసెంబరు 1కీ, కలకత్తా తుపాను నవంబరు 5కీ జరిగిపోతాయి. రెండు తేదీలూ ఒక్కో నెల మారతాయి కాబట్టి మధ్య ఎడం దాదాపు అంతే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు.

అందుకే ముందుగా చూడవలసింది వార్త తలకట్టులో ఊరి పేరు పక్కనున్న తేదీ. ఉత్తరమైతే చివర సంతకం దగ్గర వెతకాలి. వేరే పత్రిక నుంచి ఎత్తి వేసిన వార్తైతే ఆ పత్రిక పేరు సాధారణంగా మొదట్లోనో చివరనో ఉంటుంది. దాని అసలు సంచిక తేదీ పట్టుకోవాలి. ఆపైన వారంతో సరిచూడాలి. 1864 నవంబరు 1 మంగళవారం, డిసెంబరు 1 గురువారం. వార్తలో ‘మంగళవారం’ అని ఉంటే సందేహం అక్కడే తీరిపోతుంది. ఫిబ్రవరి, మార్చి దగ్గర మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. లీపు సంవత్సరం కాకపోతే ఆ రెండు నెలల్లో ఒకే తేదీకి ఒకే వారం వస్తుంది.

జనవరి సంచికల్లో ఇంకా జాగ్రత్త కావాలి. 1877 జనవరిలో రాసిన వార్తలో ‘28వ తేదీ అల్టిమో’ అంటే 1876 డిసెంబరు 28. అంటే నెలతో పాటు ఏడాదీ మారుతుంది. 1876-78 నాటి దక్షిణాది కరువు గురించి రాసేటప్పుడు ఒక్క ఏడాది తేడా చిన్నదేమీ కాదు.

డిజిటల్ భాండాగారాల్లో వెతికేవారికి ఇంకో మాట. ‘1 నవంబరు’ అని కొడితే ఇలాంటి వార్త దొరకదు, ఎందుకంటే ఆ వార్తలో నెల పేరే ఉండదు. ఊరి పేరుతో పాటు ‘1వ తేదీ ఇన్‌స్టంట్’, ‘1వ తేదీ అల్టిమో’ అని, పొడి రూపాల్లోనూ ఇంగ్లిష్‌లో కొట్టి చూడాలి.

మీకు నా విన్నపం: పాత వార్తను పునర్ముద్రించేటప్పుడు మూలంలోని మాటను అలాగే ఉంచి, పక్కన బ్రాకెట్లలో పూర్తి తేదీ, నెల, సంవత్సరం వేయండి. దాన్ని ఏ తేదీ ఆధారంగా లెక్కించారో కింద ఒక్క వరుసలో చెప్పండి. మూలంలో ఆధారం లేకపోతే ‘నెల తెలియదు’ అని రాయడమే న్యాయం. ఊహించి వేసిన తేదీ ఒకసారి అచ్చయితే తర్వాతి వారంతా దాన్నే ఎత్తి రాస్తారు.

మన తెలుగు వార్తల్లోని ‘ఈ నెల 14న’ కూడా సరిగ్గా ఇలాంటిదే. కాగితం మీద ఆ రోజుకు ఇబ్బంది లేదు. వెబ్‌లో పెట్టే ప్రతికి మాత్రం నెల పేరు, సంవత్సరం చేర్చే ఏర్పాటు మీ డెస్కులో చేయించగలరు.

ఇట్లు,
పాత పత్రికల పాఠకుడు,
మచిలీపట్నం